రంగం మేడ నాగమణి

నాగమణి రంగం మేడ ముందు గుమ్మం మొదటిసారి ఎక్కిన రోజున ఆ గుమ్మానికి వరండా లేదు. ఆ తెల్లవారుజామునే తిత్లీ తుపాను దాన్ని ఎత్తుకుపోయింది. వరండా పెంకులూ వాసాలూ ఎదుటి జీడితోట నిండా పడి ఉన్నాయి. ఆ జీడితోట కూడా తోటలా లేదు. ఒక్క చెట్టు నిలబడి లేదు.

పొద్దున్నే పలాసలో మోటారు సైకిలెక్కిన నాగమణీ ఆమె భర్తా పూండి దాకా కూడా బండి మీద రాలేకపోయారు. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. బండిని ఎవరింటి ముందో వదిలేసి, మానుల మీద ఎక్కి దిగుతూ నడిచారు. అక్కుపల్లిలో ఉన్న అమ్మానాన్నల ఫోను మోగడం లేదు.  పూండి దాటాక, నెత్తిన తడిసిన మూటతో ఎదురొచ్చిన అక్కుపల్లి అసిరమ్మ ఆమెను గుర్తుపట్టి ఆగింది.

"ఓలమ్మ, నాగమణీ! మీ అయ్యా అమ్మా బాగున్నారే. మేడకాడున్నారు. మా ఊరోళ్లం సానామందిమి రేతిరి అక్కడికే ఎల్లిపోనాం. మేడకేటీ అవనేదు."

ఏమీ కాలేదన్న మేడని దూరం నుంచి చూసి నాగమణి అడుగుల వేగం పెంచింది. ముందు భాగమంతా కొరికేసినట్టుంది. దగ్గరికి వెళ్తే మాత్రం, లోపలి గోడలు పొడిగా ఉన్నాయి. పెద్ద హాలు నిండా జనం. గంజి కాగుతోంది. తలుపుకి ఎదురుగా తల్లి రత్నాలమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. తలుపు మీది రంగుటద్దంలోంచి పడిన ఎర్రటి వెలుగు ఆమె నెరిసిన జుట్టు మీద ఉంది. కూతుర్ని చూసి ఆమె ఏడవలేదు, నవ్వింది.

"సూసినావేటే, ఎన్నేళ్లకి లోపలికొచ్చినామో!"

ఆ మాట వెనకాల నాగమణి చిన్నతనం మొత్తం ఉంది.

రంగూన్‌ని ఇక్కడి పాతవాళ్లు రంగం అంటారు. విక్టోరియా రాణి కాలంలో రంగం నుంచి బియ్యం దిగుమతి చేసి బాగుపడిన గోవిందరావు అనే భూస్వామి, అక్కడ దొరల బంగళాలు చూసి మనసు పారేసుకుని, పూండికి అవతల తన జీడితోటలో అలాంటిదే కట్టించాడు. టేకు ఓడలో బారువ రేవుకి వచ్చింది. నిటారుగా లేచిన పెంకుల కప్పు, దాని అంచుల వెంట అల్లికలా చెక్కిన చెక్క కుచ్చులు, ముందుకి పొడుచుకొచ్చిన అద్దాల కిటికీలు, పోతపోసిన ఇనుప కటకటాలు. చుట్టుపక్కల అందరికీ తెలిసిన కథ ఒక్కటే. దీన్ని లండన్ దొర గీశాడు. ఏ దొర అంటే ఎవరూ చెప్పలేరు గానీ, దొర అన్న సంగతిలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

రత్నాలమ్మ నెత్తిన చేపల బుట్టతో ఆ ఇంటికి వెళ్లేది. వెనక వసారా దాకానే. ఇంటి పెద్దావిడ అప్పలమ్మ అక్కడికొచ్చి, చేపల మొప్పలు ఎత్తి చూసి, బేరమాడి కొనేది. తల్లి కొంగు పట్టుకుని నిలబడ్డ నాగమణి చేపల బేరం వినేది కాదు. వంటింటి తలుపు మీది పచ్చటి అద్దంలోంచి తడి గచ్చు మీద పడే వెలుగులో కాలి వేళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకునేది. ఒకసారి ఇంకొంచెం ముందుకి, గడప దాకా వెళ్లింది. తల్లి జబ్బ పట్టి వెనక్కి లాగింది.

"అమ్మా, ఈ ఇల్లు ఎవులు కట్టినారు?"

"దొరట."

"దొరకి ఎవులు సెప్పినారు, ఇలగ కట్టమని?"

"ఎవులూ సెప్పరే. ఆడికాడే బొమ్మ గీసుకుని కడతాడు."

ముందు బొమ్మ గీసి ఆ తర్వాత ఇల్లు కడతారన్న సంగతి నాగమణికి అప్పుడే తెలిసింది. అక్కుపల్లిలో ఎవరూ అలా కట్టుకోరు. తాటాకులు తెచ్చుకుంటారు, కట్టుకుంటారు, గాలివానకి పోతే మళ్లీ తెచ్చుకుంటారు.

ఆమె పట్టుబట్టి చదివింది. పూండిలో హైస్కూలు, టెక్కలిలో ఇంటరు, ఆ తర్వాత విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు. తండ్రి ఎల్లాజీకి కూతురు ఏం చదువుతోందో చివరిదాకా అర్థం కాలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "ఇళ్ల డాక్టరు" అని చెప్పేవాడు. చదువయ్యాక విశాఖలోనే మంచి కొలువు దొరికింది. కొన్నాళ్లు అపార్టుమెంట్లకి మెట్లూ బాత్‌రూములూ గీసింది. ఒకదానిలాగే ఇంకొకటి ఉండే ఆ పని మీద విసుగొచ్చి, పలాస రైల్వే స్టేషన్లో ఉద్యోగం చేస్తున్న మనిషిని పెళ్లి చేసుకుని, పక్కనే కాశీబుగ్గలో సిమెంటు కొట్టు మీది గదిలో ఆఫీసు తెరిచింది. ఊళ్లో మొదటి ఆర్కిటెక్టు. జనం మెట్లెక్కి వచ్చేవాళ్లు, "మున్సిపాల్టీకి పెట్టడానికి ఒక ప్లాను గీసియ్యమ్మా, ఇల్లు మాత్రం మా మేస్త్రి కడతాడు" అనేవాళ్లు. ఈశాన్యం మూల ఖాళీ ఉందా లేదా అని తప్ప గాలి ఎటునుంచి వస్తుందో ఎవరూ అడిగేవారు కాదు. నాగమణి ఓపిగ్గా గీసిచ్చేది. తనకు నచ్చిన కిటికీ ఒక్కటైనా ఆ ప్లానులో ఇరికించేది.

తిత్లీ తర్వాత కొన్ని నెలలకి రంగం మేడ యజమాని హరిబాబు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. అప్పలమ్మ కొడుకు. పలాసలో జీడిమిల్లు ఉంది, రాజకీయాల్లోనూ నలుగురు ఎరిగిన మనిషి. మాటకి గట్టివాడే గానీ, తుపాను వేళ మేడ తలుపులు బార్లా తెరిపించి, ఎవరు ఏ కులమని చూడకుండా లోపల కూర్చోబెట్టింది కూడా ఆయనే.

"నాగమణమ్మా, మేడ పీకించీసి అక్కడ ఫంక్షన్ హాలు కడదామనుకుంటన్నాను. ఏసీ హాలు. పైన రూములు. మన ఉద్దానం పిల్ల ఒకర్తి ఉన్నాదని తెలిసి, విశాఖ వోళ్లకెందుకులే అని నీకే సెప్తన్నాను. ముందు పాతదానికి కొలతలు తియ్యి. ఏ సామాను అమ్ముకోవచ్చో సూడు."

ఇన్నేళ్లలో ఆమెకు ఇంత పెద్ద పని రాలేదు. భర్త ఆ సాయంత్రం మిఠాయి తెచ్చాడు. నాగమణి ఒక ముక్క తిని, ఆ రంగుటద్దాలు ఊడదీసి అమ్మే సామానులో రాయాల్సి వస్తుందని తలుచుకుని మిగతాది పక్కన పెట్టేసింది. పని వదిలేద్దామని మాత్రం అనుకోలేదు. తను కాకపోతే ఇంకొకరు పీకుతారు. పీకే ముందు ఆ ఇంటిని అణువణువూ చూసే వీలు తనకొచ్చింది, అదైనా దక్కనీ అనుకుంది.

గదులన్నీ కొలిచాక, నడవా చివర నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. పైన కప్పు మోసే దూలాలు ఏ బోల్టులతో బిగించారో చూద్దామని టార్చి వేసింది. బోల్టులు లేవు. మేకులు కూడా లేవు. దూలాన్ని వాసం కలిసే ప్రతిచోటా నల్లగా మెరుస్తున్న తాడు కట్లు ఉన్నాయి. చెక్కకి బెజ్జాలు వేసి, అందులోంచి కొబ్బరి నార తాడు దూర్చి, సందుల్లో పీచు కుక్కి, అడ్డంగా ఒకటి, ఏటవాలుగా రెండు వరసలు లాగి కుట్టారు. నాగమణి ఒక కట్టు మీద చెయ్యి వేసింది. తాడు చివకకుండా ఎప్పుడో పట్టించిన జీడినూనె వాసన. చెయ్యి తీయాలనిపించలేదు.

ఆ కుట్టు ఆమెకు తెలుసు. ఫైబరు బోట్లు రాకముందు, ఇసకలో బోర్లించిన పడవ పక్కన కూర్చుని తండ్రి ఇలాగే కుట్టేవాడు. తాడు రెండో కొస బిగించి పట్టుకోవడం చిన్నప్పుడు ఆమె పని.

మర్నాడు తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. ఎల్లాజీకి మోకాళ్ల నొప్పులు. నిచ్చెన మీద ప్రతి మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. టార్చి వెలుగులో కప్పు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని దూలం మీద కూర్చున్నాడు.

"ఇది ఇల్లు కాదే. పడవ. బోర్లించీసిన పడవ."

"దొర కట్టినాడంటారు కదయ్యా."

"దొరలకి ఈ ముడి ఎవులు నేర్పినారు? ఇది మా ముడి. బారువ దగ్గర్నుంచి బావనపాడు దాకా ఉన్న కుట్టుపడవలకి ఏత్తాం. ఆ పక్క ఒడియా వోళ్లది ఏరేగా ఉంటాది."

"మేకు కొట్టొచ్చు కదా. ఎందుకు కుట్టినాడంటావు?"

ఎల్లాజీ రెండు అరచేతులూ కలిపి, ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి చూపించాడు. "మేకు కొడితే బల్ల బిగుసుకుపోద్ది. కెరటం కొట్టినప్పుడు సీలిపోద్ది. కుడితే కెరటం వొచ్చినప్పుడల్లా ఇంత కదుల్తాది, మల్లీ దాని సోటుకి అదొచ్చీస్తాది. ఇక్కడ కెరటం నేదు, గాలుంది. గాలైనా కెరటమే కదేటి."

నాగమణి కిందికి దిగి తుపాను తీసేసిన వరండా దగ్గరికి పరుగెత్తింది. ఇన్నాళ్లూ దాన్ని దెబ్బ అనుకుంది. ఇప్పుడు గోడని దగ్గరగా చూస్తే వరండా కప్పుకీ ఇంటి కప్పుకీ అసలు సంబంధమే లేదు. గోడలోంచి బయటికి వచ్చిన రాతి అంచు మీద వరండా వాసాలు ఊరికే ఆనించిన గుర్తులున్నాయి, అంతే. గాలి వరండా కింద దూరి పైకి లేపితే, వరండా ఒక్కటే ఊడిపోతుంది. బల్లి తోక వదిలేసి తాను బతికినట్టు, ఇల్లు వరండాని వదిలేసింది. ఇది గీసినవాడికి ఈ తీరం గాలి తెలుసు. ఏది పోయినా పర్వాలేదో, ఏది పోకూడదో ముందే అనుకుని గీశాడు. కిటికీలూ కుచ్చులూ కటకటాలూ దొరలవి. లోపలి బుద్ధి మాత్రం ఈ సముద్రపు ఒడ్డుది.

ఆ సంగతి హరిబాబుకి చెప్పేటప్పుడు అప్పలమ్మ కూడా అక్కడే మేడ హాల్లో పడక్కుర్చీలో ఉంది. చూపు ఆనకపోయినా చెవులు చురుకు. నాగమణి మాట పూర్తికాకముందే ఆవిడ అందుకుంది.

"సింహాచలం. ఆడి పేరు సింహాచలం."

హరిబాబు తల్లి వైపు తిరిగాడు. "ఎవులమ్మా?"

"ఈ ఇల్లు గీసినోడు. సముద్రం వోళ్ల మనిషి. కుర్రతనంలో రంగం పారిపోయి, అక్కడ దొరల కట్టుబడిలో చేరినాడట. దొరలు బొమ్మలెలాగ గీత్తారో సూసి నేర్చుకున్నాడట. మీ ముత్తాత ఆడి చేతి పని సూసి తీసుకొచ్చినాడు. మా అత్త సెప్పీది."

"మరి దొరని ఎందుకంటారు?"

"ఇల్లయ్యాక ఎవులో తెల్లదొర వొచ్చి, ఇది మా దేశంలో ఇల్లులా ఉన్నాదన్నాడట. ఆ మాట మీ ముత్తాతకి తలకెక్కిపోనాది. సేపల వోడు గీసినాడంటే ఏటి పరువు? అప్పట్నించీ దొరైపోనాడు. మగోళ్లు దొరనీవోరు. వంటింట్లో మేం సింహాచలవనీవోళ్లం. నేను కాపరానికొచ్చిన కొత్తలో కూడా సముద్రం వోళ్లు వొచ్చి, పైకెక్కి తాళ్లు బిగించి, జీడినూనె రాసి ఎల్లీవోరు. మీ నాన్నకి సెప్తే ఊరుకోమన్నాడు. ఊరుకున్నాను."

"ఆ సింహాచలం తరవాత ఏమైపోయాడు, అమ్మగారూ?" అంది నాగమణి.

"మల్లీ రంగం ఎల్లిపోనాడట తల్లీ. ఇంక రానేదు. అంతే తెలుసు."

హరిబాబు మొహం ఎర్రబడింది. తాత ముత్తాతల నాటి గొప్ప ఒకటి తన కళ్ల ముందే చేతులు మారిపోతున్నట్టు అనిపించిందేమో. "అమ్మా, నువ్వింక పడుకో," అన్నాడు. ఆ తర్వాత నాగమణితో, "నిన్ను కొలతలు తియ్యమన్నాను గానీ మా ఇంటి కతలు తవ్వమన్నానా? పాత తాళ్లు సూపించి ఇల్లు పీకొద్దంటావేటి? హాలు గీత్తావా, గియ్యవా, అది సెప్పు," అన్నాడు.

"గీస్తానండీ. కానీ మేడ పీకేసిన చోట గియ్యలేను."

"అయితే విశాఖ వోళ్లకి ఇచ్చీస్తాను."

ఇచ్చేశాడు కూడా. నాగమణి బస్సులో కాశీబుగ్గ తిరిగొచ్చింది. పెద్ద పని పోయినందుకు బాధ కన్నా, వందేళ్లకి పైగా పేరు పోగొట్టుకున్న మనిషి పేరు విన్న సంతోషమే ఎక్కువగా ఉంది. భర్త రెండు రోజులు ఆగి, "ఊరికే కూర్చోకు. నువ్వనుకున్నట్టు గీసి పట్టుకెళ్లు. చూడనంటే అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఆమె గీసింది. తిత్లీకి పడిపోయిన జీడిచెట్ల వల్ల మేడకి దక్షిణాన చాలా చోటు ఖాళీ అయింది. అక్కడ పొట్టిగా, వెడల్పుగా, నాలుగు వైపులా వాలు కప్పుతో హాలు పెట్టింది. మేడని చోటు కదపకుండా పెళ్లికూతురి విడిది చేసింది. హాల్లోంచి చూస్తే మేడ రంగుటద్దాలు ఎదురుగా కనిపిస్తాయి. పాతదాన్ని కాపాడమని ఎక్కడా ప్రాధేయపడలేదు. హరిబాబుకి కావలసిన గదులన్నీ, వంటశాలతో సహా, అందులో ఉన్నాయి.

పట్టుకుని పలాసలో ఆయన మిల్లుకి వెళ్లింది. మిల్లు షెడ్డు రేకులు తిత్లీకి ఎగిరిపోయి ఎవరి పొలంలోనో పడ్డాయి. కొత్త రేకులు వేయిస్తున్నారు. పాతవి ఎలా బిగించారో ఇవీ అలాగే. నాగమణి తల పైకెత్తి కాసేపు చూసింది.

"ఇది మళ్లీ ఎగిరిపోతుంది, హరిబాబు గారూ."

ఆయన చిరాగ్గా చూశాడు. "ఏటి, జాతకం సెప్తన్నావా?"

"మీ ముందు వసారా కప్పూ షెడ్డు కప్పూ ఒకే రేకు. గాలి వసారా కింద దూరిందంటే మొత్తం లేపేస్తుంది. మొన్న జరిగింది అదే. మీ మేడకి జరగనిది కూడా అదే. ఒక్కసారి నాతో అటక మీదికి రండి. చూశాక కూడా పీకెయ్యాలనుకుంటే, నేనింక మీ గుమ్మం తొక్కను."

హరిబాబు వ్యాపారం తెలిసినవాడు. షెడ్డు ఎగిరిపోయిన రోజు నుంచి ఆయన మనసులో ఒక ప్రశ్న నలుగుతూనే ఉంది. అంత కొత్త మిల్లు ఎగిరిపోతే ఇంత పాత మేడ ఎందుకు నిలబడింది? పైకి ఒప్పుకోలేదు గానీ ఆదివారం వచ్చాడు. బరువైన మనిషి, నిచ్చెన కిర్రుమంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినా ఆయన ఎన్నడూ అటక ఎక్కలేదు. టార్చి తనే పట్టుకుని ఒక్కో కట్టునీ వేలితో నొక్కి చూశాడు. ఒకచోట తాడు చివికి పోయింది. దాని పక్కది ఇనుములా ఉంది. 

దిగాక గోడకి ఆనుకుని చేతులు దులుపుకున్నాడు.

"మా మిల్లుకి కూడా ఇలగ కుట్టొచ్చా?"

నాగమణికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "రేకులకి తాళ్లు పనికిరావండీ. కానీ సింహాచలం అనుకున్నట్టు మనమూ అనుకోవచ్చు. వసారా వేరుగా పెడదాం, పోతే అదే పోతుంది. కప్పుకి వాలు పెంచి, రేకుల్ని బిగించే పట్టీలు దగ్గర దగ్గరగా వేద్దాం."

"సరే. మేడ ఉండనీ. నీ ప్లానే కానీ. విశాఖ వోళ్లకి నేను సెప్పుకుంటాను." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ తిరిగాడు. "కానీ బయట ఎవులడిగినా దొర కట్టిందే. అర్థమైనాదా?"

అప్పటికి అంతే చాలనుకుంది నాగమణి.

మేడకి మరమ్మతు అనుకున్నంత తేలిగ్గా సాగలేదు. అక్కుపల్లిలో ఇప్పుడు పడవ కుట్టేవాళ్లు లేరు. ఎల్లాజీ, ఆయన పాత జతగాడు కొండబాబు, ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్లు, అంతే. పలాస బజారులో తెచ్చిన తాడుతో మొదటి కట్టు వేసి లాగితే ఫట్టున తెగింది. ఎల్లాజీ ఆ చుట్టని అటక మీంచి కిందికి విసిరేశాడు. "ఇది మంచాలు అల్లుకునీ తాడు. దీనితో ఇల్లెవులు కడతారు?" అన్నాడు. చివరికి అసిరమ్మ ఇంకా నలుగురు ఆడవాళ్లని పోగుచేసి, కొబ్బరి డొక్కలు ఉప్పుటేట్లో నెలల తరబడి నానబెట్టి, దంచి, నార తీసి, తాళ్లు పేనింది. అన్నాళ్లూ హరిబాబు రోజూ ఫోను చేసి గొణిగాడు. నాగమణి విసుక్కోకుండా ప్రతి ఫోనూ ఎత్తింది.

కట్లు మొదలయ్యాక మాత్రం ఆయన గొణుగుడు ఆగిపోయింది. ముసలివాళ్లు అటక మీద చెరో వైపు కూర్చుని, దబ్బనంతో తాడు దూర్చి, కాలు దూలానికి తన్నిపెట్టి, "లాగు మావా!" అని కేకేసి లాగుతుంటే ఇల్లంతా మూలిగేది. కింద అప్పలమ్మ పడక్కుర్చీలోంచి "ఆ, ఆ, ఇలాగే అరిసీవోరు" అనేది. మధ్యాహ్నం వాళ్లకి భోజనం ముందు హాల్లోనే వడ్డించమని చెప్పింది. ఎల్లాజీ మొదట వెనక వసారా వైపే నడిచాడు. అలవాటు. హరిబాబే వెళ్లి, "అటెక్కడికి ఎల్లాజీ, ఇటు రా," అని పిలుచుకొచ్చాడు.

మూడేళ్లకి మళ్లీ గాలివాన వచ్చింది. తిత్లీ అంత కాదు గానీ, రేకుల షెడ్ల పని పట్టింది. తెల్లారాక నాగమణి ఫోను మోగింది. హరిబాబు గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "మేడ మీద నాలుగు పెంకులు జారినాయి. అంతే! మిల్లు వసారా ఎగిరిపోనాది. మిల్లు ఉన్నాదమ్మా, మిల్లు ఉన్నాది!"

ఆ ఏడు ఆయన అన్న కూతురు పావని పెళ్లి నాగమణి గీసిన కొత్త హాల్లోనే జరిగింది. నాగమణి కూడా వెళ్లింది. బంతిలో కూర్చున్నప్పుడు, టెక్కలి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మేడ వైపు చూస్తూ, "ఏ దొర కట్టినాడు బావా దీన్ని? వోళ్ల పనే ఏరు," అన్నాడు. వడ్డన చూస్తున్న హరిబాబు ఆగాడు. నాగమణి తల దించుకుని పప్పు కలుపుతోంది.

"దొర కాదు బావా," అన్నాడు హరిబాబు. చుట్టూ అందరికీ వినపడేట్టే అన్నాడు. "సింహాచలమని మన సముద్రం వోళ్ల మనిషి. రంగంలో నేర్చుకుని వొచ్చి కట్టినాడు. దొరలు ఇలగ కట్టలేరు. కావాలంటే అన్నం తిన్నాక పైకెక్కు, సూపిత్తాను."

నాగమణి తల ఎత్తి మేడ రంగుటద్దాల వైపు చూసింది. 

ఆ పెళ్లి అయిన కొన్నాళ్లకి అప్పలమ్మ పోయింది. పెద్ద కర్మ అయ్యాక హరిబాబు నాగమణిని పిలిచి, గుమ్మం పక్కన ఒక నల్లరాయి పెట్టిస్తానని, ఏం రాయాలో చెప్పమని అడిగాడు. ఆమె చాలా ఆలోచించింది. ఇంటిపేరు తెలియదు. ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ పోయాడో తెలియదు. తెలియనిది రాయడానికి మనసొప్పలేదు. చివరికి "ఈ ఇంటిని గీసి కట్టినవాడు సింహాచలం, ఉద్దానం పడవల మేస్త్రి" అని మాత్రం రాయించారు. ఆ రాయి పడ్డాక అక్కుపల్లిలో సగం ఇళ్లవాళ్లు ఆయన మా ముత్తాతే అంటున్నారు. కొండబాబు అయితే తన ముక్కు కూడా ఆయనదేనంటాడు, ఆయన ముక్కు ఎలా ఉండేదో ఎవరూ చూడకపోయినా. నాగమణి ఎవరినీ కాదనదు.

ఇప్పుడు ఆమె ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లు ఈశాన్యం మూల గురించి అడిగాక, గాలి గురించి కూడా అడుగుతారు. ఉద్దానంలో వసారా విడిగా పెట్టిన ఇళ్లు చాలా లేచాయి. విశాఖ నుంచి చదువుకునే పిల్లలు వస్తే వాళ్లని అటక ఎక్కిస్తుంది. తను కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటుంది. ఊళ్లో మరో నాగమణి ఉండటం వల్ల జనం ఈమెను రంగం మేడ నాగమణి అంటారు.

కిందటి నెల్లో తండ్రికి ఇల్లు కడదామని కూర్చుంది. వాలు కప్పు, విడి వసారా, సముద్రం గాలి వచ్చే కిటికీ, అన్నీ గీసి చూపించింది. ఎల్లాజీ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగున్నాదే. మంచి బుర్ర. కానీ నాకు మాత్రం స్లాబే ఎయ్యి. మీ అమ్మకి డాబా మీద సేపలెండబెట్టుకోవాలని ఆశ."

రత్నాలమ్మ పక్కనుంచి తలూపింది. నాగమణి కొత్త కాగితం తీసుకుంది.